నీళ్ళు పోయకున్నా పూచే మొక్క: పోయినేడు నేను చెప్పింది సగమే

ప్రొద్దుటూరు మిద్దె మీద నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేసినా. ఈ రోజు ఎపిసోడ్ కొంచెం వేరుగా ఉంటుంది. మామూలుగా నేను ఒక మొక్క చూపించి, ఎట్లా పెంచాలో చెప్పి, "మీరూ ట్రై చేయండి" అంటా కదా. ఈ రోజు పోయినేడు "ట్రై చేయండి" అని చెప్పిన మొక్క గురించే మళ్ళీ మాట్లాడాలి. ఎందుకంటే అప్పుడు నేను చెప్పింది సగమే. మిగతా సగం అప్పుడు నాకూ తెలీదు. పులివెందుల పక్కన మా మామ చీనీ తోటలో తెలిసింది.

ఫస్ట్ మొక్కని చూడండి. చాలామంది దీన్ని చూసే ఉంటారు, పేరే తెలియకపోవచ్చు. మోకాలి ఎత్తు లోపలే ఉంటుంది. పువ్వు ఊదా రంగు, గరాటు మాదిరి. పొద్దున్నే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి రాలిపోతుంది. రేపు పొద్దున మళ్ళీ కొత్త పూలు. రోడ్ల పక్కన, బడి గోడల కింద, రైలు కట్టల వెంబడి కనిపిస్తుంది. చిన్నప్పుడు మేము దీన్ని టపాకాయల చెట్టు అనేవాళ్ళం, చిటపటకాయల మొక్క అని కూడా అంటారు. శాస్త్రీయ నామం రుయెల్లియా ట్యూబరోసా.

టపాకాయ అని ఎందుకంటే, ఇదిగో, ఇది ఎండిన కాయ. ఇంచి పొడవు ఉంటుందంతే. గ్లాసులో నీళ్ళు పోసినా. ఇప్పుడు కాయని వేస్తున్నా. కొంచెం ఆగండి... టప్! విన్నారా? గ్లాసు బయటికి గింజలు ఎగిరినాయి. ఒకటి నా ఫోను మీద పడింది.

బళ్ళో మనమందరం ఆడిన ఆటే ఇది. కాయని ఎంగిలి చేసి పక్కోడి చొక్కా మీద పెట్టేవాళ్ళం. అది టప్మంటే వాడు ఎగిరి పడేవాడు. అప్పుడు అది ఆట. ఇప్పుడు చూస్తే, ఆ టప్పే అసలు సమస్య.

పోయినేడు వీడియోలో నేనేం చెప్పినానంటే, "మన కడప జిల్లా ఎండలకి ఇంతకంటే మంచి మొక్క లేదు. నీళ్ళు పోయకున్నా బతుకుతుంది, సీతాకోకచిలుకలు వస్తాయి, రూపాయి ఖర్చు లేదు" అన్నా. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ వీడియో బాగా పోయింది. కామెంట్లలో గింజలు కావాలని అడిగితే, ఉత్సాహం కొద్దీ కవర్లలో వేసి దాదాపు 60 మందికి పంపినా. అత్తకి పూలంటే ఇష్టమని, మామ తోటలో మోటారు షెడ్డు పక్కన నా చేతుల్తో నేనే ఆరు మొక్కలు నాటొచ్చినా.

మొన్న వానలు పడినాక మామ ఫోన్ చేసినాడు. "ఒరే అల్లుడూ, నువ్విచ్చిన పూలచెట్లు తోటంతా పరుచుకోనుండాయి. ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను నవ్వుకుంటూ పోయినా, థంబ్‌నెయిల్‌కి మంచి ఫోటో దొరుకుతుందనుకున్నా కూడా. పోయి చూస్తే, షెడ్డు పక్కన ఆరు కాదు, ఒక చాప పరిచినట్టు ఉంది. అక్కడి నుంచి డ్రిప్పు పైపు వెంబడే వరుస కట్టి పోయింది. చీనీ చెట్ల పాదుల్లో, డ్రిప్పు చుక్క ఎక్కడెక్కడ పడుతుందో కరెక్టుగా అక్కడక్కడ గుత్తులు గుత్తులుగా మొలిచినాయి.

మామ ఒక మొక్కని పట్టుకొని పీకినాడు. తల ఊడొచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. గడ్డపారతో తవ్వి చూపించినాడు. కింద వేళ్ళు లావుగా, చిన్న చిన్న దుంపల మాదిరి గుత్తిగా ఉన్నాయి. "కూలోళ్ళు దోకుడుపారతో దోకితే పది రోజుల్లో మళ్ళా లేచ్చాంది. ఇంగ రెండోసారి కూలి ఇయ్యాల" అన్నాడు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. నాకు వ్యూస్ వచ్చినాయి, మామకి కూలి ఖర్చు వచ్చింది.

సరే, ఇది ఎందుకు ఇట్లా జరిగిందో అర్థం చేసుకుందాం. దీని సొంతూరు మన దేశం కాదు. మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. పూల కోసమని అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగి, మన దగ్గరికొచ్చి, తోటల్లో నుంచి బయటపడి, ఎవరూ నాటకుండానే బతకడం నేర్చుకుంది. ఇట్లాంటి వాటిని నాచురలైజ్డ్ మొక్కలు అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, అద్దెకొచ్చి స్థిరపడిపోయినోళ్ళు. స్థిరపడిన ప్రతి మొక్కా చెడ్డది కాదు. మన మిరప, టమాట, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కానీ స్థిరపడి, పక్కవాటి జాగా కూడా ఆక్రమిస్తే దాన్ని ఇన్వేసివ్ అంటారు. ఈ టపాకాయల మొక్క ఆ రెండింటి మధ్య గీత మీద నిలబడి ఉంది. ఎటు పడుతుందనేది మనం దాన్ని ఎక్కడ పెడతామనే దాని మీద ఉంటుంది.

దాని దగ్గర మూడు ఆయుధాలు ఉన్నాయి.

ఒకటి, కాయ. కాయ ఎండేటప్పుడు రెండు సగాలూ విల్లు మాదిరి బిగుసుకుపోయి ఉంటాయి. అంటుకున్న అతుకు వాటిని పట్టుకొని ఉంటుంది. తడి తగలగానే అతుకు వదులవుతుంది, రెండు సగాలూ ఒక్కసారిగా విడిపోయి గింజల్ని విసిరేస్తాయి. దీని చుట్టం ఒకటుంది, రుయెల్లియా సిలియాటిఫ్లోరా అని. అమెరికాలో పొమోనా కాలేజీ వాళ్ళు హైస్పీడ్ కెమెరా పెట్టి దాన్ని షూట్ చేసి 2018లో ఆ వివరాలు ప్రచురించినారు. దాని గింజలు 7 మీటర్ల దాకా పోతాయి. బిళ్ళ మాదిరి ఉండే ఆ గింజ గాల్లో సెకనుకి 1,660 సార్ల దాకా తిరుగుతుంది. మన ఇంట్లో ఫ్యాను ఫుల్లులో పెట్టినా సెకనుకి ఆరేడు సార్లే తిరుగుతుంది. అట్లా తిరగడం వల్ల గింజ అటూ ఇటూ ఊగకుండా, గాలి ఎక్కువ అడ్డుపడకుండా దూరం పోతుంది. మన మొక్క అంత దూరం విసరకపోయినా, పద్ధతి అదే.

ఇప్పుడు ఆలోచించండి. కాయ పగలాలంటే తడి కావాలి. అంటే వాన పడినప్పుడే పగులుతుంది. గింజ మొలవడానికి కరెక్టు టైమ్ కూడా అదే. ఎవరూ చెప్పకుండానే అది వాన చూసుకొని గింజలు చల్లుతుంది.

రెండు, గింజ. దీని గింజకి తడి తగిలితే చుట్టూ జిగురు పట్టుకుంటుంది, సబ్జా గింజలు నానబెడితే వస్తుందే, అట్లాంటిది. ఆ జిగురుతో మట్టికి అంటుకుంటుంది. చెప్పులకి, దోకుడుపారకి, గొర్రె కాళ్ళకి కూడా అంటుకుంటుంది. మామ తోటలో షెడ్డు నుంచి పాదుల దాకా పాకింది ఇట్లాగే ఉంటుంది. కూలోళ్ళు తడి నేలలో దోకిన ప్రతిసారీ గింజని ఒక పాదు నుంచి ఇంకో పాదుకి మనమే మోసినాం.

మూడు, వేరు. ఇందాక చెప్పిన దుంపలు. వాటిలో నీళ్ళు, తిండి దాచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండకి పైన అంతా ఎండిపోయినట్టు కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకుంటాం. మొదటి వానకి మళ్ళీ లేస్తుంది. పోయినేడు నేను "నీళ్ళు పోయకున్నా బతుకుతుంది" అని మెచ్చుకున్న గుణం ఇదే. మంచిదని మనం పొగిడే గుణమే, దాన్ని తీసేయాలన్నప్పుడు మనకి అడ్డమొస్తుంది.

లెక్క కోసం ఒక మొక్కకి 20 కాయలు అనుకుందాం. కాయకి సుమారు 20 గింజలు. అంటే 400. అందులో నూటికి ఒకటి బతికినా వచ్చే ఏడాదికి నాలుగు మొక్కలు. ఆ పై ఏడాదికి పదహారు. పాత మొక్కలు చావవు, అవీ ఉంటాయి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేటప్పుడు మా టీమ్‌లో ఒక రూల్ ఉండేది, రోల్‌బ్యాక్ లేకుండా ఏదీ లైవ్‌కి పంపకూడదని. తప్పు జరిగితే వెనక్కి తీసుకునే దారి ముందే ఉండాల. నేను 60 కవర్ల గింజలు పోస్టులో పంపినా, వాటిని వెనక్కి తెచ్చే దారి గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఒక పూల మొక్కకి ఇంత సీనా?" అనిపించొచ్చు. మన జిల్లాలో జరిగిన కథే ఒకటి చెప్తా. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా పోతే కమలాపురం వస్తుంది కదా. మనం సర్కారు తుమ్మ అంటాం, కంపచెట్టు అంటాం, రోడ్డుకి రెండు పక్కలా, చెరువుల్లో, బీళ్ళలో ఎక్కడ చూసినా అదే. దాని సొంతూరు కూడా అమెరికా ఖండాలే. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న బెడ్డోమ్ అనే ఆయన 1876లో దాని గింజలు కావాలని అడిగితే, జమైకా నుంచి తెప్పించినారు. 1877లో మన కమలాపురంలో నాటినారు. మన దేశంలో ఆ చెట్టు కథ మొదలైంది ఇక్కడే అని పుస్తకాల్లో ఉంది. ఉద్దేశం మంచిదే. వాన తక్కువ నేల, కట్టెలకి కరువు, నీళ్ళు లేకున్నా బతికే చెట్టు కావాల. నేను పోయినేడు వీడియోలో చెప్పిన మాటే కదా ఇది! దాదాపు 150 ఏళ్ళయింది. ఇప్పుడు ఆ కంపని తీయించుకోవడానికి రైతు జేసీబీకి గంటల లెక్కన కడుతున్నాడు.

గుర్రపు డెక్క కూడా అంతే. ఊదా పూలు బాగున్నాయని తెచ్చుకున్నారు, ఇప్పుడు చెరువులు నిండిపోయినాయి. లాంటానా కూడా 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసం వచ్చిందే. ఈ రోజు మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో ఎంతో భాగం దాని కిందే ఉంది. ఈ టపాకాయల మొక్క వాటంత భయంకరమైనదని నేను అనడం లేదు, అట్లా అంటే అది ఇంకో తప్పవుతుంది. ఇది ఎక్కువగా మనిషి కదిలించిన నేలలోనే పెరుగుతుంది. రోడ్డు పక్క, గట్లు, పాదులు. కానీ పైన చెప్పినవన్నీ కూడా ఒకప్పుడు ఎవరో ఒకరి తోటలో అందమైన మొక్కలే.

పోయిన ఆదివారం జమ్మలమడుగులో మా జేజి దగ్గరికి పోయినా. ఆమె పెరట్లో కూడా ఈ మొక్క ఉంది, కానీ ఒక మూల నాలుగే ఉన్నాయి. ఎన్నేళ్ళ నుంచి ఉందని అడిగితే, "నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాది" అంది. మరి పెరడంతా ఎందుకు నిండలేదు? జేజి ఏమందంటే, "దేవుడికి పూలు కోసేటప్పుడే పచ్చికాయలు గిల్లి పారేచ్చా. ఎండనిచ్చేది లేదు. గోడ దాటి మొలిచినేది ఆ పొద్దే తవ్వేచ్చా." అంతే. యూట్యూబ్ లేదు, రీసెర్చ్ లేదు. రోజూ చూసుకుంటుంది కాబట్టి ఆమె చేతిలో ఉంది. మామకి ఎకరాల్లో తోట, రోజూ ఒక్కో మొక్క దగ్గర కూర్చొని కాయలు గిల్లుతాడా? తప్పు మొక్కది కాదు, మామది అసలే కాదు. తెచ్చిపెట్టిన నాది.

కాబట్టి, ఈ మొక్కని పెంచొచ్చా అంటే నా జవాబు ఇది. పొలంలో, పొలం పక్కన, కాలవ గట్టు మీద, కొండ పక్కన ఊర్లలో అయితే వద్దు. నల్లరేగడి నేలల్లో, శనగ, పత్తి వేసే చోట అసలు వద్దు. గండికోట చూడ్డానికి పోయి "ఇక్కడ రెండు గింజలు చల్లుదాం, అందంగా ఉంటుంది" అనే ఐడియా కూడా వద్దు. అడవి దానంతట అది అందంగానే ఉంది. టౌనులో, కుండీలో, రోజూ చూసుకునే ఓపిక ఉంటే పెంచుకోవచ్చు. అయితే ఈ ఐదు పద్ధతులు పాటించాల.

ఒకటి, కుండీలోనే. నేలలో వద్దు. కుండీని కూడా మట్టి నేల మీద నేరుగా పెట్టొద్దు, అడుగు రంధ్రం గుండా వేరు దిగుతుంది. కింద ప్లేటు పెట్టండి.

రెండు, పైనుంచి నీళ్ళు చిలకరించొద్దు, మొదట్లో పోయండి. పైపుతో కొడితే ఎండిన కాయలన్నీ ఒక్కసారి పేలుతాయి. మిద్దె పిట్టగోడ పక్కన కుండీ ఉంటే గింజలు వీధి కాలవలో పడతాయి, అక్కడి నుంచి ఎక్కడికి పోతాయో మన చేతిలో లేదు.

మూడు, జేజి పద్ధతి. కాయ పచ్చగా ఉన్నప్పుడే గిల్లేయండి. పువ్వు రాలిన చోట రోజు మార్చి రోజు చూడండి. ఇంకో మాట, రుయెల్లియా జాతుల్లో కొన్ని పూలు విచ్చుకోకుండా మొగ్గలోనే పరాగసంపర్కం చేసుకొని కాయ కాస్తాయి. కాబట్టి "పూలు పూయలేదు కదా, కాయలు ఉండవులే" అనుకోవద్దు.

నాలుగు, తీసేయాలంటే నేల తడిగా ఉన్నప్పుడు గడ్డపారతో దుంపలతో సహా తవ్వండి. కానీ ముందు కాయలన్నీ కోసి ఒక కవర్లో కట్టేయండి, లేకపోతే తవ్వేటప్పుడే గింజలు చల్లినట్టవుతుంది. కాయల మీద మరుగుతున్న నీళ్ళు పోస్తే గింజ చచ్చిపోతుంది. దుంపల్ని మిద్దె మీద పట్ట పరిచి, విరిస్తే పెళుక్కుమనే దాకా ఎండబెట్టండి. మన ఎండకి అదేం పెద్ద పని కాదు. కంపోస్టులో వేయొద్దు, పెన్నలో అసలు పారేయొద్దు.

ఐదు, గింజలు ఎవరికీ ఇవ్వొద్దు. స్నేహితులు అడిగినా సరే.

నర్సరీల్లో మెక్సికన్ పెటూనియా అని ఇంకొకటి అమ్ముతారు. ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి, మొక్క నడుము ఎత్తు దాకా పోతుంది. అది రుయెల్లియా సింప్లెక్స్, ఈ మొక్కకి చుట్టమే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో దాన్ని తీవ్రమైన ఇన్వేసివ్ మొక్కల లిస్టులో పెట్టినారు. అక్కడి యూనివర్సిటీ వాళ్ళు కూర్చొని, గింజ కట్టని రకాలు తయారు చేసినారు. మాయన్ పర్పుల్, మాయన్ పింక్ లాంటి పేర్లతో అవి వచ్చినాయి. కొనే ముందు నర్సరీ అన్నని "ఇది గింజ కడుతుందా అన్నా?" అని ఒక్క ప్రశ్న అడగండి. గింజ కట్టని రకాలైనా తడి నేలలో వేరు ద్వారా పాకొచ్చు, అందుకే అవీ కుండీలోనే.

ఊదా రంగే కావాలంటే మన దగ్గర డిసెంబరాలు లేవా? చలికాలంలో అమ్మవాళ్ళు జడలో పెట్టుకుంటారే, అవే. ఈ టపాకాయల మొక్క కుటుంబమే అది, కానీ మన దేశపు మొక్క. కనకాంబరం కూడా అదే కుటుంబం, దక్షిణ భారతం, శ్రీలంక దాని సొంతూరు. కనకాంబరం ఎండు కాయని కూడా నీళ్ళలో వేయండి, అదీ టప్మంటుంది. పిల్లలకి ఆట కావాలంటే ఆటా ఉంది. పసుపు పూల ములుగోరింట ఉంది, ముళ్ళుంటాయి, కంచె పక్కన బాగుంటుంది. తమాషా ఏంటంటే, మన డిసెంబరాలే హవాయి లాంటి చోట్ల తోటలు దాటి అడవుల్లోకి పాకుతాయి. ఇక్కడ మన చుట్టం, అక్కడ పిలవని చుట్టం. అందుకే ఏ మొక్కా పుట్టుకతో చెడ్డది కాదు, ఎక్కడ ఉందనేదే లెక్క.

సీతాకోకచిలుకల సంగతి కూడా చెప్పాల, లేకపోతే మళ్ళీ సగమే చెప్పినట్టు. ఈ మొక్క ఆకుల్ని మన దగ్గరి కొన్ని సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తింటాయి. అది నిజం, అందుకే మిద్దె మీద రెండు కుండీలు ఉంచుకున్నా. ములుగోరింట ఆకులు కూడా వాటిలో కొన్నింటికి పనికొస్తాయి. కాబట్టి సీతాకోకచిలుకల కోసం ఈ ఒక్క మొక్కే గతి అని లేదు.

ఇప్పుడు నా పని. పాత వీడియోని డిలీట్ చేయొచ్చు, కానీ చేయడం లేదు. డిలీట్ చేస్తే నా పరువు మిగులుతుంది, గింజలు తీసుకున్నోళ్ళకి విషయం తెలీదు. దాని టైటిల్ మార్చినా, మొదటి కామెంట్‌లో ఈ ఎపిసోడ్ పిన్ చేసినా. ఆ 60 మందికి ఒక్కొక్కరికి మెసేజ్ పెడుతున్నా. ఇప్పటికి 22 మంది రిప్లై ఇచ్చినారు. కొందరు కవర్ తెరవనే లేదంట, మంచిదైంది. ఇద్దరు పొలం గట్టు మీద చల్లినామన్నారు. వాళ్ళది జమ్మలమడుగు పక్కనే, వచ్చే ఆదివారం నేనే గడ్డపార తీసుకొని పోతాండా. మీరు ఆ మిగిలిన వాళ్ళలో ఒకరైతే, దయచేసి రిప్లై ఇవ్వండి. నేనేం అడగను, ఎక్కడ చల్లినారో చెప్పండి చాలు.

మామ తోటలో ఇప్పటికి మూడు ఆదివారాలు పనిచేసినాం. నేను, మా తమ్ముడు, అత్త. షెడ్డు పక్కన మొత్తం తవ్వేసినాం. పాదుల్లో సగం అయింది. నేలలో పడిన గింజలు ఇంకా ఉంటాయి, వచ్చే వానకి మళ్ళీ మొలుస్తాయి, మళ్ళీ పోవాల. ఎన్నాళ్ళు పడుతుందని మామని అడిగినా. "నాటినేది ఒక పూట, తీసేది నీ పెండ్లయ్యే దాకా" అన్నాడు. అత్త మాత్రం ఒక మొక్కని కుండీలో పెట్టుకుంది. కాయలు తానే గిల్లుతుందంట. సరే అన్నా.

ఇంతే అండి ఈ రోజుకి. మీ ఊర్లో ఈ మొక్కని ఏమని పిలుస్తారో కామెంట్‌లో చెప్పండి, ఒక్కో ఊరికి ఒక్కో పేరు ఉంటుంది దీనికి. మీ పెరట్లో ఉంటే, ఇప్పుడే ఫోన్ పక్కన పెట్టి పోయి పచ్చికాయలు గిల్లండి. వాన రాకముందే. వచ్చే ఎపిసోడ్‌లో డిసెంబరాల కొమ్మ నాటడం చూపిస్తా. ఉంటా మరి, బాయ్.